మెడ దగ్గర తుప్పు

మా ఆవిడ కళ్ళకింద సంచులు మొదట చూసింది నేను కాదు, ఒక బేరగాడు.

గుమ్సాన్ సంతలో ఒంటికి సత్తువనిచ్చే జిన్సెంగ్ గడ్డలు పచ్చివి అమ్మే బల్ల ఒకటి మాకుంది. పొలం పని నాది, బల్ల మా ఆవిడ ఒక్రేది. వేసవి వెళ్ళి, పొద్దుటిపూట ఊపిరి పొగలా కనపడే రోజులు మొదలయ్యాక సియోల్ నించి ఒకాయన వచ్చాడు. గడ్డ ఎత్తి చూశాడు. గోటితో మట్టి గోకి చూశాడు. చివరికి మా ఆవిడ మొహం చూశాడు.

"పొద్దస్తమానం ఇందులోనే ఉంటారు కదమ్మా. మీకే పనిచెయ్యంది మాకేం పనిచేస్తుంది?"

ఒక్రే నవ్వింది. "మంచివి మీకు, విరిగినవి మాకు. అందుకే మీరలా ఉన్నారు, నేనిలా ఉన్నాను," అంది. ఆయనా నవ్వాడు. కొనకుండా వెళ్ళిపోయాడు.

పక్క బల్ల బుయో వదినది. బుయో అనే ఊరి నించి కోడలిగా వచ్చింది కనక ఊరంతా ఆమెని అలాగే పిలుస్తారు. ఆవిడ చేతిలో పని ఆపకుండానే అంది, "నిన్న ఇంకొకావిడ కూడా అడిగింది, ఆ పక్కావిడకి ఒంట్లో బాలేదా అని. మొగుడితో గొడవైందని చెప్పాను."

"అలా ఎందుకు చెప్పావు వదినా?"

"జబ్బంటే నీ సరుకు మీద నమ్మకం పోతుంది. మొగుడంటే జాలిపడి కొంటారు."

నేను బండిలోంచి పెట్టెలు దింపుతూ విన్నాను. అప్పుడు చూశాను ఒక్రే మొహం. కళ్ళకింద రెండు సంచులు, వాటి కింద రెండు గాడి చారలు. చేను మీద కట్టిన నీడవల వాననీళ్ళు నిలిస్తే గుంజల మధ్య ఎలా జారుతుందో అలా జారి ఉన్నాయి. జారవా మరి. జిన్సెంగ్‌కి ఆరో ఏడు పడిందంటే దొంగలకి వాసన తెలుస్తుంది. ఆ వేసవంతా మేమిద్దరం వంతులేసుకుని చేలో కాపలా పడుకున్నాం. పగలు ఆవిడ మళ్ళీ బల్ల దగ్గర కూర్చునేది. చేనుని రోజూ చూశాను, మనిషిని చూడలేదు.

ఆ మర్నాటి నించి మా ఫ్రిజ్‌లో గుడ్ల పక్కన రెండు చెంచాలు చేరాయి. పొద్దున్నే వాటిని కళ్ళకింద ఆనించుకుని కూర్చునేది. తర్వాత బంగాళాదుంప చెక్కలు. తర్వాత తడిపిన టీ సంచులు. తర్వాత నత్తల జిగురుతో చేసిన క్రీము. బుయో వదిన చెప్పిందల్లా చేసింది. చెంచాలు తీశాక కాసేపు బాగానే ఉండేది. బల్ల దగ్గరికి చేరేసరికి సంచులు మళ్ళీ తమ చోటికి వచ్చేవి.

"వదిన ఉప్పు మానెయ్యమంటోంది అత్తయ్యా," అంది ఒక్రే ఒకరోజు.

మా అమ్మకి ఎనభై దాటి చాలా కాలమైంది. పళ్ళు సగమే ఉన్నాయి. ఆ సగంతోనే రోజుకో పచ్చి వేరు నమిలితేగాని ఆవిడకి తెల్లవారదు. "కిమ్చీ పచ్చడి మానేసి అందంగా ఉండి ఎవర్ని ఉద్ధరించాలే?" అంది. "ఆ సంచులు నాకూ ఉన్నాయి. నన్ను చూసి ఎవరూ బేరం మానలేదు."

"మీరు బల్ల దగ్గర కూర్చోలేదుగా అత్తయ్యా."

"కూర్చుంటే కొనేవాళ్ళు. ఇంతకాలం బతికించిందంటే గట్టి సరుకే అనుకునేవాళ్ళు."

మా అమ్మాయి సోరా డేజన్‌లో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఒక ఆదివారం వచ్చి, ఫ్రిజ్ తెరిచి, చెంచాలు చూసి, కథంతా విని, అన్నం తింటూ తేల్చేసింది.

"అమ్మా, నీకు కళ్ళకింద ఆపరేషను చేయిస్తాను. మా స్నేహితులంతా వాళ్ళమ్మలకి చేయించారు. చేయించంది నేనొక్కదాన్నే."

"మీ నాన్నకి?"

"నాన్న మొహం ఎవరు చూస్తారమ్మా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా భయం ఆ నవ్వులోనే మొదలైంది. ఒక్రే వద్దనలేదు. వద్దనే మనిషి, ఏదైనా సరే ముందు వద్దనే మనిషి, ఆ రోజు గిన్నె ముందు తల వంచుకుని, "నొప్పి ఉంటుందా?" అని మాత్రం అడిగింది.

ఆ వారం నించీ మా అమ్మ రోజూ పొద్దున్నే లేచి రోట్లో పచ్చి వేర్లు దంచింది. పాలల్లో తేనె వేసి కలిపి గిన్నె కోడలి చేతికిచ్చి, అడుగు కనపడేదాకా పక్కనే నుంచునేది. "కత్తి కిందికి వెళ్ళే మనిషి ఒంట్లో సత్తువ లేకుండా వెళ్ళకూడదు," అనేది. ఒక్రే తాగేది. బల్ల దగ్గర విరిగిన పీచులు నమలడం ఆవిడకి ఎప్పుడూ ఉన్న అలవాటే.

క్లినిక్కు డేజన్‌లో ఒక మేడమీద. నల్లకళ్ళజోళ్ళు పెట్టుకున్న ఆడవాళ్ళు గోడ వెంబడి వరసగా కూర్చుని ఉన్నారు. ఎవరూ ఎవరితో మాట్లాడ్డంలేదు. వాళ్ళు ఎటు చూస్తున్నారో తెలియక నేను నేల చూస్తూ కూర్చున్నాను.

డాక్టరు ఇంకా నలభై నిండని మనిషి. ఒక్రేని పైకి చూడమన్నాడు, కిందికి చూడమన్నాడు. కింది రెప్పని వేలితో లాగి వదిలాడు. చర్మం తన చోటికి తీరిగ్గా వెళ్ళింది.

"కనుగుడ్డు కొవ్వు మెత్త మీద కూర్చుంటుందండీ. ఆ కొవ్వు బయటికి రాకుండా పల్చటి గోడలాంటిది ఒకటి పట్టి ఉంచుతుంది. వయసుకి ఆ గోడ సాగుతుంది, కొవ్వు ముందుకి తోసుకొస్తుంది. దానికింద చెంప ఎముక తరిగి గాడి పడుతుంది. ఎండ, నిద్ర చాలకపోవడం, ఉప్పు, ఇవన్నీ కలిసి దాన్ని ముందుగా రప్పిస్తాయి."

"క్రీములు పనిచెయ్యవా?" అంది సోరా.

"క్రీము చర్మం మీద పని. ఇది చర్మం వెనకాల సంగతి. సూదితో జెల్ నింపితే గాడి కొన్నాళ్ళు పూడుతుంది, సంచి అలాగే ఉంటుంది. మీ అమ్మగారికి ఆ కొవ్వు పారెయ్యకుండా కింద గాడిలోకి సర్దుతాను. మిగిలిన చర్మం కొంచెం కత్తిరించి కుడతాను."

నాకు అర్థమైంది. వల సాగింది, నీళ్ళు నిలిచాయి. ఈయన కట్ట మీద మట్టి లాగి చాల్లో పోస్తాడు. ఏటా నేను చేసే పనే. కాకపోతే నా పార పక్కన కనుగుడ్డు ఉండదు.

"ఏమన్నా అయితే?" అన్నాను. ఆ గదిలో నేనన్న మొదటి మాట అది.

డాక్టరు నావైపు తిరిగాడు. "చాలా అరుదండీ. లోపల రక్తం చేరితే కంటి నరం నొక్కుకుపోతుంది. నొప్పి పెరిగినా, కన్ను రాయిలా గట్టిపడినా, చూపు మసకబారినా రేపు చూద్దాంలే అనుకోవద్దు. ఉన్నపాటున వచ్చెయ్యండి. ఆలస్యమైతే చూపు తిరిగి రాదు."

"నాన్నా, అది అందరికీ చెప్తారు."

"అందరికీ చెప్తున్నారంటే ఎవరికో అయ్యే ఉంటుంది," అన్నాను.

బయట నర్సు ఒక్రేని కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడిగింది. రక్తం పల్చబరిచే మాత్రలు? లేవు. చేపనూనె? లేదు. ఎర్ర జిన్సెంగ్?

"అమ్ముకునేవాళ్ళం అమ్మా, ఎర్రది మేమెందుకు తింటాం," అంది ఒక్రే కొంచెం గొప్పగా. నేనూ తలూపాను. అందులో అబద్ధం లేదు. ఆవిరి మీద ఉడికించి ఎండబెట్టిన ఎర్రది డబ్బాల్లో పట్నాలకి పోతుంది. దాన్ని మందంటారు, బహుమతిగా ఇచ్చుకుంటారు. మేం తినేది చేలో విరిగిన పచ్చి వేరు. అది మా ఇంట్లో ఉల్లిపాయలాంటిది. ఉల్లిపాయ తింటావా అని ఎవరూ అడగరు, అడిగినా డాక్టరుకి చెప్పేదేముంది? సోరా కూడా ఆ ఇంట్లో పుట్టిన పిల్లే. పక్కనే నుంచుని ఫోను చూసుకుంటోంది.

కొన్ని రోజులకి తేదీ ఇచ్చారు, చేశారు. ఒక్రే బయటికి వచ్చింది. మొహం ఉబ్బిపోయి ఉంది, కళ్ళకింద ఊదారంగు. నల్లకళ్ళజోడు పెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది. "ఎలా ఉన్నాను?" అంది.

"దెబ్బలు తిన్న దొంగలా ఉన్నావు."

"నవ్వించకు, కుట్లు లాగుతున్నాయి."

డాక్టరు వంగొద్దన్నాడు, బరువెత్తొద్దన్నాడు, తల కింద రెండు దిళ్ళు పెట్టుకోమన్నాడు. ఇంటికొచ్చాక నేను పక్కన కూర్చుని కాపలా కాశాను. ఊపిరి విన్నాను. మాటిమాటికీ ఆవిడ రెప్ప మీద వేలి వెనకభాగం ఆనించి చూశాను, మెత్తగా ఉందా లేదా అని. "చేలో కాపలా అయిపోయింది, ఇప్పుడు నేనా," అని విసుక్కుంది. ఉబ్బు రోజురోజుకీ తగ్గింది. నా భయం కూడా తగ్గిందనుకున్నాను.

అప్పుడొచ్చింది తవ్వకం. మా ఊళ్ళో తవ్వే యంత్రం ఒక్కటే, వంతుల మీద తిరుగుతుంది. ముందు వంతువాళ్ళింట్లో చావు జరిగి మా వంతు ముందుకి జరిగింది. వెనక వానలున్నాయన్నారు. తడిమట్టిలో తవ్వితే గడ్డకి చర్మం నిలవదు. కుట్లింకా తియ్యలేదు.

"నువ్వు ఇంట్లో ఉండు," అన్నాను.

"ఆరేళ్ళ పంటని ఎవరు ఏరతారు, నువ్వా? నీకు మొదటి రకానికీ రెండో రకానికీ తేడా చెప్పాలంటే నన్ను పిలవాలి. కూర్చునే ఉంటాను. వంగను."

అది నిజం. గడ్డ చేతిలోకి వస్తే చాలు, ఒక్రేకి తెలిసిపోతుంది. నడుం నిండుగా ఉందా, కాళ్ళు రెండూ సమంగా చీలాయా, మెడ దగ్గర తుప్పురంగు మచ్చ ఉందా. కన్ను పడ్డమూ చెయ్యి పెట్టెలో వెయ్యడమూ ఒకటే కదలిక. ఇన్నేళ్ళలో ఆవిడ వేసిన పెట్టె మళ్ళీ తిరగేసి చూసిన వర్తకుడు లేడు.

ఆ రోజు ఎండ బాగా కాసింది. వలలు చుట్టేసి, గుంజలు పీకేశాం. అన్నేళ్ళు నీడలో ఉన్న నేల మొదటిసారి ఆకాశం చూస్తోంది. యంత్రం వెళ్ళిన వెంట మట్టి తిరగబడి తెల్లటి వేళ్ళు బయటపడ్డాయి. ఊరి ఆడవాళ్ళు నడుముకి స్పాంజి పీటలు కట్టుకుని, కూర్చున్నచోటి నించి కూర్చున్నచోటికి జరుగుతూ ఏరుతున్నారు. బుయో వదిన ఎవరి మొగుడి గురించో చెప్తోంది, అందరూ నవ్వుతున్నారు. మా అమ్మ గట్టు మీద దుప్పటి చుట్టుకుని కూర్చుని, విరిగిన పీచుల్ని ఒళ్ళోకి తీసుకుని తుడుస్తోంది. ఒక్రే పెట్టెల మధ్య ఉంది. నల్లకళ్ళజోడు, దాని మీద ఎండటోపీ. వంగనంది, కానీ గడ్డ చూడాలంటే తల వంగుతుంది. పక్కవాళ్ళు పెట్టె లాగలేకపోతే తనే ఒక చెయ్యి వేసింది. నేను దూరం నించి చూసి అరిచాను. చెయ్యి తీసేసింది.

నిండిన పెట్టెలు బండి దగ్గరికి మోస్తున్నాను. మొదటి రకం పెట్టెలో పైన ఒక గడ్డ కనపడింది. మెడ దగ్గర తుప్పు, నా కంటికే కనపడేంత. తీసి రెండో రకంలో వేశాను. చేతిపొరపాటు అనుకున్నాను. మళ్ళీ వెళ్ళేసరికి ఇంకోటి. దానికి కాలు ఒక్కటే ఉంది. దాని కింద ఇంకోటి.

పెట్టె అక్కడే దింపాను.

దగ్గరికి వెళ్తే ఒక్రే తలెత్తకుండానే అంది, "సోరా నాన్నా, మబ్బేస్తోందా? పొద్దున్నించీ ఇటువైపు చీకటిగా ఉంది. వాన పడేలోపు ఆ కింది చాలు తీయించెయ్యి."

ఆకాశంలో దూదిపింజంత మబ్బు కూడా లేదు.

కళ్ళజోడు నేనే తీశాను. కుడి కింది రెప్ప నిగనిగలాడుతోంది, పండిపోయిన రేగుపండులా. వేలి వెనకభాగం ఆనించాను. మెత్తగా లేదు. ఆవిడ ఎడమ కన్ను నా అరచేత్తో మూశాను.

"నేను కనపడుతున్నానా?"

కాసేపు చూసింది. "నీ టోపీ అంచు కనపడుతోంది," అంది. "మొహం లేదు."

"నొప్పిగా ఉందా?"

"పొద్దున్నించీ ఉంది. పని అయ్యాక చెబుదామని."

నేను ఆవిడ చంకల కింద చేతులు వేసి లేపాను. ఆడవాళ్ళ నవ్వు ఆగిపోయింది. యంత్రం మాత్రం తన దారిన తను పోతోంది. మా అమ్మ గట్టు దిగి వచ్చింది, దుప్పటి జారిపోతున్నా చూసుకోలేదు. "కళ్ళు తిరుగుతున్నాయా అమ్మాయ్? పొద్దున గిన్నె సగం వదిలేశావు, అందుకే," అంటూ తుడిచిన పీచులు గుప్పెడు నా చొక్కా జేబులో కుక్కింది. "దారిలో నమలమను. సత్తువొస్తుంది."

ఒక్రేని బండిలో కూర్చోబెట్టి బయల్దేరాను. ఎక్సలేటరు మీద కాలు నిలవక బండి ఎక్కిళ్ళు పెడుతూ పోయింది. కనుమ దారిలో ప్రతి మలుపు దగ్గరా ఒక్రే ఒళ్ళు బిగపట్టింది. ఒకచోట ఆపమని కిటికీలోంచి కక్కుకుంది. మళ్ళీ ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆవిడ కళ్ళు మూసుకుంటే నాకు ఇంకా భయంవేసింది.

"మాట్లాడు," అన్నాను.

"నువ్వా మాట్లాడమనేది," అంది. తర్వాత, "కింది చాలు లోతుగా తవ్వమని చెప్పావా? అక్కడ వేళ్ళు పొడుగ్గా ఉంటాయి, విరిగిపోతాయి."

"చెప్పాను."

నేను చెప్పలేదు. ఆవిడకి తెలుసనుకుంటాను. నా చొక్కాచెయ్యి పట్టుకుంది.

క్లినిక్కులో మమ్మల్ని చూడగానే డాక్టరు చేతిలో పని వదిలేశాడు. కూర్చోమనలేదు, వివరం అడగలేదు. రెప్ప ముట్టుకుని చూసి లోపలికి తీసుకెళ్ళిపోయాడు. తలుపు పూర్తిగా పడలేదు. కత్తెర గిన్నెలో పెట్టిన చప్పుడు వినపడింది. "కుట్లు విప్పుతున్నానమ్మా, కదలకండి," అన్నాడు. ఒక్రే ఒక్కసారి "అమ్మా" అంది. తర్వాత ఏమీ వినపడలేదు.

నా బూట్ల మట్టి ఆ తెల్లనేల మీద గడ్డలు గడ్డలుగా రాలింది. వంగి వేళ్ళతో ఏరుకున్నాను. ఏరిన మట్టి ఎక్కడ వెయ్యాలో తెలియక గుప్పిట్లోనే పట్టుకుని నుంచున్నాను.

కబురందుకుని సోరా పరుగెత్తుకుంటూ వచ్చింది, పనిలో వేసుకునే తెల్లకోటుతోనే. నర్సు బయటికి వచ్చి మళ్ళీ మొదటి నించీ అడిగింది. మాత్రలేమన్నా వేశారా? లేదు. చేపనూనె? లేదు. ఎర్ర జిన్సెంగ్?

"లేదమ్మా," అన్నాను.

అలా అంటూనే రెండో చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. లోపల పీచులు తగిలాయి. తీసి చూపించాను. ఇంకా మట్టి వాసన వేస్తున్నాయి.

"ఇది తింటాం," అన్నాను. "ఇది పచ్చిది."

నర్సు వాటివైపు చూసింది, నావైపు చూసింది. "ఎప్పుడు తిన్నారు?"

"రోజూ."

సోరా గోడకి ఆనుకుంది. మెల్లగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

లోపల చేరిన రక్తం తీశాక డాక్టరు పెద్దాసుపత్రికి ఫోను చేసి, అంబులెన్సులో తనూ ఎక్కాడు. దార్లో ఒక్రే కుడికంటి ముందు చిన్న దీపం పట్టి, కనపడుతోందా అని అడిగాడు. "వెలుగు ఉంది," అంది. వేళ్ళు చూపించాడు. "వెలుగు ఉంది," అని మళ్ళీ అదే అంది.

తర్వాత ఆసుపత్రి నడవలో డాక్టరు నా పక్కన కూర్చున్నాడు. "పచ్చిదైనా ఎర్రదైనా కొందరికి రక్తం తొందరగా గడ్డకట్టనివ్వదంటారు. అందుకే అడుగుతాం. కానీ అదే కారణమని నేను చెప్పలేనండీ. వంగడం కావచ్చు, బరువు కావచ్చు. ఏదీ కాకుండా కూడా అవుతుంది."

"చూపు?"

"కొంత వస్తుంది. ఎంత అనేది వారాలు పోతేగాని తెలీదు."

ఆ మాటల్ని నేను అలాగే ఇంటికి తీసుకెళ్ళి మా అమ్మకి చెప్పాలనుకున్నాను. అదీ కావచ్చు, ఇదీ కావచ్చు అని. కానీ సోరా నాకంటే ముందు చేరింది. దానికీ భయమే. అమ్మని కత్తి దగ్గరికి తీసుకెళ్ళింది తనే కనక ఆ బరువు ఎక్కడో దింపుకోవాలి. "నానమ్మా, నువ్వు దంచి పోసిందే చేసింది ఇదంతా," అందట.

నేను వెళ్ళేసరికి మా అమ్మ వంటింట్లో కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో, అరచేతులు పైకి. వాటిలో ఏదో ఉన్నట్టు చూస్తోంది. రోలు బోర్లించి ఉంది.

"డాక్టరు అలా అనలేదమ్మా," అని చెప్పాను, మొత్తం. విన్నది. "సరే," అంది. మర్నాడు పొద్దున వేరు నమల్లేదు. ఆ తర్వాతా నమల్లేదు.

ఒక్రే ఇంటికొచ్చింది. కుడికంటికి గుడ్డ, తర్వాత గుడ్డ లేకుండా. ఎడమ కన్నుకింద నున్నగా, చిన్నప్పటి మొహంలా అయింది. కుడికన్ను కింద విప్పిన కుట్లు వంకరగా మానాయి. బుయో వదిన వచ్చి చూసి, తన భయం ఒక్రేకి కనపడకుండా అంది, "పోన్లే, ఎడమది కోడలు, కుడిది అత్తగారు. రెండూ ఇంట్లోనే ఉన్నాయి." ఒక్రే నవ్వింది. మా అమ్మ గుమ్మంలోంచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ శరత్తులో మా ఇల్లు పల్చటి గాజుగ్లాసులాగా అయింది. మా అమ్మ ఎవరికీ ఏదీ తన చేత్తో పెట్టేది కాదు. మంచినీళ్ళు ఇవ్వాలన్నా గ్లాసు పట్టుకుని, "ఇది తాగొచ్చా?" అని అడిగేది. అన్నం వడ్డిస్తూ సగంలో ఆగి గరిటె నా చేతికిచ్చేది. సోరా ప్రతి ఆదివారం పళ్ళు పట్టుకుని వచ్చి, నానమ్మ పక్కన కూర్చుని మాటలు దొరక్క కమలాలు వొలిచేది. అరచేతులు వెచ్చగా ఉండే మా అమ్మకి వేళ్ళు చల్లబడ్డాయి. మెట్టు ఎక్కుతూ గోడ పట్టుకోవడం మొదలుపెట్టింది. ఒక భయం తగ్గుతుందేమో అని చూస్తుంటే పక్కన ఇంకో భయం మొలిచింది నాకు.

రోజూ పొద్దున్నే ఒక్రేని కిటికీ దగ్గర కూర్చోబెట్టేవాణ్ణి. ఎడమ కన్ను ఆవిడే అరచేత్తో మూసుకునేది. నేను అమ్మకుండా దాచిన గడ్డల్లోంచి ఒకటి తీసి వెలుగులో ఎత్తి పట్టేవాణ్ణి.

"చెప్పు."

"ఏదో తెల్లగా ఉంది."

చాలా రోజులు అంతే. ఏదో తెల్లగా ఉంది. నేను "బాగుంది" అనేవాణ్ణి. గడ్డ పెట్టెలో పెట్టేసి బయటికి వెళ్ళి, ఖాళీ చేలో ఏ పనీ లేకపోయినా అటూ ఇటూ తిరిగేవాణ్ణి. ఆ తర్వాత ఒకనాడు, "పొడుగ్గా ఉంది," అంది. ఆకులు రాలిపోయాక, "కాళ్ళున్నాయి. రెండా?" అంది. రెండే. ఆ రోజు నేను చేలోకి వెళ్ళలేదు. ఊళ్ళో కిమ్చీ పెట్టుకునే రోజులొచ్చాయి. మా అమ్మ ఆ ఏడు తన చేత్తో ఉప్పు వెయ్యనంది. క్యాబేజీల మధ్య కూర్చుని చూసింది, అంతే. ఆ ఏడు మా కిమ్చీ చప్పగా ఉంది. అందరం అలాగే తిన్నాం.

మొదటి మంచు పడిన పొద్దున గడ్డ ఎత్తి పట్టుకున్నాను. ఒక్రే ఎడమ కన్ను మూసుకుని చూసింది. చాలాసేపు చూసింది. నా చెయ్యి నొప్పిపుట్టింది. ఇవాళ చూపు వెనక్కి వెళ్ళిందేమో అనుకున్నాను.

"ఇది మొదటి రకంలో ఎందుకు పెట్టావు?" అంది.

"ఏం?"

"మెడ దగ్గర తుప్పుంది."

నేను గడ్డని నా కంటి దగ్గరికి తెచ్చుకున్నాను. మెడ చుట్టూ తిప్పాను. వెతగ్గా వెతగ్గా కనపడింది, సూదిమొనంత.

ఒక్రే నా చేతిలోంచి దాన్ని లాక్కుంది. "రెండో రకం. ఇంట్లోకి," అని చిన్న కాలు పుటుక్కున విరిచి, చొక్కా అంచుతో తుడిచి, మా అమ్మ కూర్చున్న చోటికి వెళ్ళింది. మా అమ్మ కింద నించి వేడిచేసిన వెచ్చటి నేల మీద గోడకి ఆనుకుని ఉంది. ఇంత చిన్నదైపోయింది.

"అత్తయ్యా, నోరు తెరవండి."

మా అమ్మ మొహం తిప్పుకుంది. "నేను మానేశాను."

"నేను మానలేదుగా. డాక్టర్నడిగాను. ఇప్పుడు తినొచ్చన్నాడు." ఒక్రే తను ముందు ఒక ముక్క కొరికి నమిలింది. నేను ఆపబోయి ఆగాను. మా అమ్మ ఆ నోరు కదలడం చూసింది. కంటివైపు చూసింది. మళ్ళీ నోటివైపు.

"అడిగావా?"

"అడిగాను."

"ఎర్రది అడిగావా, పచ్చిది అడిగావా?"

"రెండూ అడిగాను అత్తయ్యా."

మా అమ్మ నావైపు తిరిగింది, సాక్ష్యం చెప్పమన్నట్టు. నేను తలూపాను. అప్పుడు నోరు తెరిచింది. ఒక్రే ఆ వేరుముక్కని పళ్ళున్న వైపు చూసి పెట్టింది. మా అమ్మ మెల్లగా, రుచి మర్చిపోయినదానిలా, కోడలి మొహం మీంచి చూపు తియ్యకుండా నమిలింది.